మా ఆయన పేరు మీద నా జబ్బు

నాకు గంజాయి అలవాటు ఉండేదని మొదటి వాక్యంలోనే రాసేస్తున్నాను. చివర్లో చెబుదామనుకుంటే ధైర్యం చాలకపోవచ్చు, లేదా మరిచిపోవచ్చు. నా సంగతి తెలిసినవాళ్లు ఈ రెండో మాటకు నవ్వరు.

నా పేరు సుజాత. ముప్పై నాలుగేళ్లు. మాది గద్వాలకు దగ్గర్లోని పల్లె. ఇంట్లో మా ఆయన వెంకటేశ్, మా అత్త, మా పాప శ్రావణి. డిగ్రీ రెండో ఏడాదిలో చదువు ఆపి పెళ్లి చేసుకున్నాను. మూడెకరాల్లో విత్తనాల కోసం సీడు పత్తి వేస్తాం. గంజాయి అనగానే ఎవరికైనా చిలుం పట్టిన మగవాడే కళ్లముందు కనిపిస్తాడు. నాకూ అంతే. రోజుకు రెండు పూటలా మింగుతున్న కాలంలో కూడా అద్దంలో నాకు గంజాయి మనిషి కనిపించలేదు.

మొదలైంది ఐదేళ్ల కింద, క్రాసింగ్ రోజుల్లో. సీడు పత్తి చేలో ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను సాయంత్రం పూట చూసుకుని, పైపొర తీసేసి, లోపలి పుప్పొడిని గోటితో గీకేసి, గుర్తుకు ఒక ఎర్ర కాగితం ముక్క పెట్టి వస్తాం. పొద్దున్నే మగ చెట్ల వరుసల్లోంచి పూలు తెంపుకొచ్చి ఒక్కొక్క మొగ్గకూ తాకిస్తాం. శ్రావణం నుంచి దసరా దాకా ఇదే పని. మొగ్గ మన కోసం ఒక్క పూట ఆగదు. శ్రావణి తర్వాత నాకొక కడుపు నిలవలేదు. అప్పట్నుంచి నెలసరి వచ్చిందంటే నడుం లేచేది కాదు. ఒకరోజు పొద్దున చేనుకు బయల్దేరలేక గడప మీద కూలబడితే, మా అత్త లోపలికెళ్లి బెల్లంతో కలిపి నూరిన చిన్న ఉండ తెచ్చి అరచేతిలో పెట్టింది.

"మింగు బిడ్డా. నొప్పి జర మెత్తబడ్తది."

"ఏంది అత్తా ఇది?"

"ఆకే. మా అమ్మ గూడ నాకు గిట్లనే ఇచ్చేది."

ఏ ఆకో నాకు తెలుసు. కంది వరుసల నడుమ రెండు మూడు మొక్కలు ఉండేవి. మా ఆయన చేను కాడ బీడీలో వేసుకుని తాగేవాడు. అది నేరమని ఇంటిల్లిపాదికీ తెలుసు. కొడుకు తాగినందుకు అత్త నోరారా తిట్టేది. తను ఇచ్చేదాన్ని మాత్రం వేరే లెక్కలో వేసుకునేది. "మగోళ్లది మత్తు, మనది మందు" అనేది. ఆవిడ నన్ను పాడుచేయాలని ఇవ్వలేదు. నా నొప్పి చూడలేక ఇచ్చింది. ఈ మాట రాయకపోతే నాకు పాపం తగులుతుంది.

నొప్పి మెత్తబడిన మాట నిజం. నెలకు మూడు రోజులు మింగినది వారానికి మూడు రోజులైంది. ఆ తర్వాత ఎప్పుడు రోజూ అయిందో నాకు తెలియదు. మందు కదా అనుకున్నాను. మందు మానేయమని ఎవరంటారు?

రెండేళ్లు గడిచాక మొదలయ్యాయి మతిమరుపులు. వరుస మధ్యలో నిలబడి, ఈ చెట్టుకు పువ్వు తాకించానా లేదా అని వెతుక్కునేదాన్ని. అయిన వరుసే మళ్లీ మొదలుపెట్టేదాన్ని. "సుజాతక్కకు అప్పుడే ముసలితనమొచ్చింది" అని కూలికొచ్చిన ఆడవాళ్లు నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని. పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. ఏ కారణం లేకుండా గుండె దడదడలాడేది. ఆ దడ తగ్గడానికి ఇంకో ఉండ వేసుకునేదాన్ని.

పోయిన ఏడాదికి ముందటేడు ఉగాది దగ్గర్లో, పక్క ఊళ్లో మొక్కల కోసం పోలీసులు వచ్చారని తెలిసింది. అత్త మా మొక్కలన్నీ పీకి పారేసింది. మా ఆయనా నేనూ బీచుపల్లి పోయి, కృష్ణలో మునిగి, ఆంజనేయస్వామి ముందు ఇక ముట్టమని ఒట్టు పెట్టుకున్నాం. తిరుగు దారిలో ఇద్దరం నవ్వుకున్నాం కూడా. ఒకే రోజు, ఒకే గుడి, ఒకే ఒట్టు.

ఆయనకు నాలుగు రోజులు చిరాకు. చీటికిమాటికి అరిచాడు. ఐదో రోజు జొన్నరొట్టె ఒకటి ఎక్కువ తిన్నాడు. వారం తిరిగేసరికి పాత మనిషయ్యాడు.

నాకు వారం తిరిగేసరికి నరకం మొదలైంది. ముద్ద దిగదు, చెమటలు, కన్ను మూస్తే శ్రావణి బావిలో పడ్డట్టు కల. పగలు కూడా పిల్ల కనిపించకపోతే వాకిట్లోకి పరిగెత్తేదాన్ని. ఇంకొకరికి చెప్పుకునే జబ్బా ఇది? దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. తొమ్మిదో రోజున, అత్త ఎండబెట్టి డబ్బాలో దాచిన ఆకు గుర్తొచ్చింది. అన్నీ మరిచిపోయే దానికి అది మాత్రం గుర్తొచ్చింది.

మా ఆయన కనిపెట్టాడు. కొట్టలేదు, తిట్టలేదు. ఆశ్చర్యంగా చూశాడు.

"నేను ఇడిసిన గదా. నాకు లేని బాధ నీకేంది? మనసు గట్టిగ లేదు నీకు, గంతే."

అదే నిజమనుకున్నాను. ఒకే ఇంట్లో, ఒకే ఆకు తీసుకున్న ఇద్దరిలో ఒకరు లేచి నిలబడ్డారంటే, లేవలేనిదానిదే తప్పు కదా! ఆ జబ్బు కంటే ఆ మాట నన్ను ఎక్కువ కుంగదీసింది.

ఇక శ్రావణ మాసం. దీన్ని ఎన్నిసార్లు రాసి చింపేశానో.

శ్రావణికి అప్పుడు ఎనిమిదేళ్లు. జ్వరమొచ్చి బడి మానింది. అత్తా ఆయనా చేనుకు పోయారు, నేను ఇంటి దగ్గర ఉండిపోయాను. ఆరు గంటలకోసారి ఇవ్వమని జ్వరం మందు సీసా ఇచ్చారు. ఇచ్చాను. ఇచ్చిన సంగతి మరిచిపోయి మళ్లీ ఇచ్చాను. మధ్యాహ్నం మూత నిండా పోసుకుని మళ్లీ దగ్గరికెళితే, పిల్ల నోరు మూసుకుంది.

"అమ్మా, ఇప్పుడే ఇచ్చినవ్ గదా."

"ఎప్పుడిచ్చిన? మందు తప్పించుకోనీకె అబద్ధాలు నేర్చినవా?"

"ఒట్టు అమ్మా, ఇచ్చినవ్."

చెంప మీద కొట్టాను. ముక్కు మూసి మందు పోశాను. ఏడుస్తూ మింగింది. ఆ తర్వాత ఇంకోసారి కూడా ఇచ్చానట. ఆ నాలుగోసారి పిల్ల ఏమీ అనలేదట, తనే నోరు తెరిచిందట. ఈ సంగతి తర్వాత పిల్ల మా అక్కకు చెప్పింది.

సాయంత్రానికి వాంతులు. గద్వాలలో దవాఖానకు తీసుకుపోయాం. "మందు ఎన్నిసార్లు ఇచ్చినవమ్మా?" అని నర్సమ్మ అడిగితే, "రెండుసార్లు" అన్నాను, గట్టిగా. మంచం మీంచి శ్రావణి చెయ్యెత్తి నాలుగు వేళ్లు చూపించింది. నర్సమ్మ నా వంక చూసింది, పిల్ల వంక చూసింది, సీసా తెమ్మంది. సీసాలో మందు ఎంత మిగిలిందో చూశాక నన్నింక ఏమీ అడగలేదు. పిల్ల చేసిన ఆ సైగ వల్లే సరైన వైద్యం అందింది. మూడు రోజులు సెలైను పెట్టారు. బతికింది. కాలేయానికి కూడా ఏమీ కాలేదన్నారు.

వనపర్తి నుంచి మా అక్క పద్మ వచ్చింది. మంచం పక్కన కూర్చుని నా నోటితోనే నా సంగతంతా విన్నది. నాలుగో రోజు పిల్ల బట్టలు సంచిలో సర్దుతూ అంది:

"పిల్లను నేను తీస్కపోత సుజీ. నువ్ మంచిగైనంక పంపిస్త. నామీద కోపం జేసుకోకు."

కోపం రాలేదు. కోపం తెచ్చుకునేంత మనిషిని కూడా అప్పుడు కాను.

దసరా అయ్యాక మానసిక వైద్యుడికి చూపించుకోవడానికి నాగర్‌కర్నూల్ పోయాం. గద్వాలలో అయితే తెలిసినవాళ్లుంటారని అంత దూరం. బయల్దేరే పొద్దున, మా ఇంట్లో మాత్రమే పుట్టగల ఒక ఆలోచన పుట్టింది. అత్త కొడుకుతో అంది:

"చీటీ నీ పేరు మీద రాయించు రా. మగోడు గంజాయి తాగిండంటే ఎవరు నవ్వరు. ఆడది మింగిందంటే రేపు శ్రావణికి సంబంధాలు గూడ రావు. ఆమె నీకు తోడొచ్చినట్టు కూసుంటది."

మాకిద్దరికీ అది తెలివైన మాటలాగే తోచింది. చీటీ మీద వెంకటేశ్ అని రాసుకున్నారు. డాక్టరు ఆయన నాడి పట్టుకున్నాడు, బరువు చూశాడు, కళ్లు చూశాడు. తర్వాత నావైపు తిరిగి, "ఇంట్ల ఎట్లుంటడమ్మా?" అని అడిగాడు. నా జబ్బంతా ఆయన మీద పెట్టి చెప్పాను. నిద్రపోడు సార్. ఊరికే భయపడతాడు. ఇచ్చిందే మళ్లీ ఇస్తాడు. పిల్లను కొట్టాడు సార్. ఈ మాట అన్నప్పుడు మా ఆయన తలదించుకున్నాడు. ఇంట్లో ఒక్క దెబ్బ కూడా వేయని మనిషి నా దెబ్బను తలమీద వేసుకుని కూర్చున్నాడు. డాక్టరు ఆయన్ను మందలించాడు. ఆయన "తప్పయింది సార్" అన్నాడు.

ఆయన పేరు మీద రాసిన మాత్రలు నేను వేసుకున్నాను. ఆయన బరువు చూసి రాసిన మాత్రలు. పొద్దున లేవలేకపోయేదాన్ని, లేచినా గోడ పట్టుకుని నడిచేదాన్ని. ఆకు మాత్రం పూర్తిగా మానలేకపోయాను. నెలకోసారి పోయేవాళ్లం. ప్రతిసారీ డాక్టరు ఆయన్ను చూసి సంతోషపడేవాడు. "మొహంల కళ వచ్చింది" అనేవాడు. రాదా మరి, మానేసి అప్పటికి ఎన్నో నెలలైంది ఆ మనిషికి! నేను పక్కన కూర్చుని ఎండిపోతున్నాను.

వనపర్తిలో బస్సు మారాలి. ఆ పావుగంటకు అక్క శ్రావణిని బస్టాండుకు తెచ్చేది. పిల్ల వాళ్ల పెద్దమ్మ చీరకొంగు వదిలేది కాదు. నేను బఠానీలు కొనిస్తే, ముందు పెద్దమ్మ మొహం చూసి, ఆమె తలూపితే నోట్లో వేసుకునేది.

మూడోసారి పోయినప్పుడు డాక్టరు మా ఆయనకు ఒక పరీక్ష పెట్టాడు. ఐదు మాటలు చెప్తాను, మనసులో పెట్టుకో, కాసేపయ్యాక అడుగుతానన్నాడు. చెరువు, గొడ్డలి, బెల్లం, గంప, మల్లె. తర్వాత వానల గురించీ పత్తి గురించీ కబుర్లు చెప్పి, ఉన్నట్టుండి అడిగాడు. మా ఆయన బడిపిల్లాడిలా ఐదూ వరసగా అప్పజెప్పాడు. పాపం, కాస్త గర్వంగానే చెప్పాడు.

"భేష్" అన్నాడు డాక్టరు. "జ్ఞాపకం మంచిగ తిరిగొచ్చిందమ్మా. ఇంక పరేషాన్ కావద్దు. మాత్రలు తగ్గిద్దాం."

నేను కూడా మనసులో పెట్టుకునే కూర్చున్నాను. నాకు ఎవరూ పెట్టని పరీక్ష. వెతికాను, వెతికాను. అది పదిహేను నిమిషాల కింద విన్న మాటల కోసం వెతకడంలా లేదు, నా పిల్ల కోసం వెతుకుతున్నట్టుంది.

"సార్, నాకు బెల్లం ఒక్కటే గుర్తుంది" అన్నాను.

డాక్టరుకు అర్థం కాలేదు. మా ఆయనకు అర్థమైంది. నన్ను ఆపుతాడనుకున్నాను. ఆపలేదు.

"జబ్బు ఆమెది సార్" అన్నాడు. "ఇజ్జత్ పోతదని నా పేరు రాయించినం. మాత్రలు గూడ ఆమెనే ఏస్కుంటుంది."

డాక్టరు కలం కింద పెట్టాడు. కోపం మొహమంతా పాకింది. "ఇన్ని నెలలు నేనెవరిని చూస్తున్న, ఎవరికి మందిస్తున్న? ఏమన్న అయ్యుంటే?" అని కేకలేశాడు. కేకలేయాల్సిందే. మేము తలొంచుకుని పడ్డాం. తర్వాత నీళ్లు తాగి, మమ్మల్నీ తాగమని, కొత్త కాగితం తీసి నా పేరు రాశాడు.

అప్పుడు అడిగిన ప్రశ్నలు వేరు. నెలసరి ఎట్లుంటుంది, కడుపు ఎప్పుడు పోయింది, అప్పుడు ఎవరితోనైనా చెప్పుకుని ఏడ్చావా, నెలసరికి ముందు రోజుల్లో భయం ఎక్కువవుతుందా. ఎక్కువవుతుంది! నాలుగేళ్లుగా అవుతోంది. అడిగినవాళ్లు లేరు, నాకై నాకు ఆ రెండింటినీ కలిపి చూడాలని తోచలేదు.

"ఆయన అట్ల ఎట్ల ఇడిసిండు, నేనెందుకు ఇడవలేకపోయిన సార్? నా మనసే మంచిది కాదా?" అని అడిగాను.

"మనసుకు కట్టకమ్మా దీన్ని" అన్నాడు. "ఆయన పొగ తాగిండు, నువ్వు మింగినవ్. అదొక తేడా. ఆడవాళ్లల్ల అలవాటు తొందరగ బిగుసుకుంటదని, మానినప్పుడు భయం, నిద్రలేమి ఎక్కువుంటయని కొందరు చూసినోళ్లు అంటరు. మెదడుకు, జ్ఞాపకానికి ఏం జేస్తదనేది ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తరు. నిజం చెప్పాలంటే మాకు తెలిసింది తక్కువ. ఇన్నేండ్లు ఎక్కువగ మగవాళ్లనే చూసినం. నేను మాత్రం వేరే చేసిన్నా? నా ముందర నువ్వు కూసుంటే ఆయన్నే చూసిన."

"పోయిన జ్ఞాపకం వాపస్ వస్తదా?"

"చాలామందికి చాలావరకు వస్తది. అంత వస్తదని నేను చెప్పలేను."

ఉన్నమాట చెప్పినందుకు ఆ డాక్టరంటే నాకు గౌరవం. అయినా ఆ రోజు బస్సులో బీచుపల్లి వంతెన వచ్చేదాకా ఏడ్చాను. మా ఆయన ఊరుకోమనలేదు. "మనసు గట్టిగ లేదన్న గదా నిన్ను" అన్నాడొకసారి. అంతే అన్నాడు.

తర్వాతి నెల దవాఖానలో నా పేరు పిలిచారు. అలవాటు కొద్దీ మా ఆయన లేచి నిలబడ్డాడు. నేను బల్లకు అతుక్కుపోయాను. బెంచీ మీద వాళ్లంతా మగవాళ్లను తీసుకొచ్చిన ఆడవాళ్లే. అందరి కళ్లూ నామీదే ఉన్నట్టనిపించింది. నా పక్కన అమ్రాబాద్ అవతల అడవి ఊరి నుంచి కొడుకును తెచ్చిన పెద్దావిడ కూర్చుంది. పొద్దున్నుంచీ నాకు రేగుపళ్లు ఏరి పెడుతోంది. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి మెల్లగా తోసింది.

"నిన్నే పిలుస్తుండ్రు బిడ్డా. పో. నీ సంచి నేను చూస్త."

నా పేరు పొద్దునే అడిగి తెలుసుకుంది, ఎందుకొచ్చావని మాత్రం అడగలేదు. లోపలికి నడిచాను.

ఆ చలికాలం గురించి ఎక్కువ రాయను. మానడం అంటే ఒట్టు పెట్టుకోవడం కాదని తెలిసింది. చెమటలు, దడ, నెలసరికి ముందు వారం మళ్లీ పాతాళం. కడుపునొప్పికి వేరే డాక్టరమ్మ సరైన మందులిచ్చింది. అవి ఐదేళ్ల కిందే అడిగి ఉండొచ్చు. అత్త నా మొహం చూసేది కాదు. ఒకరోజు జొన్నలు చెరుగుతూ తనలో తను అన్నట్టు, "నేనిస్తినే, నా చేతులతోనే ఇస్తినే" అంది. దగ్గరికెళ్లి కూర్చున్నాను. నీ తప్పు లేదని నోటితో అనలేకపోయాను. ఇప్పటికీ అనలేదు.

మానేసి ఏడాది దాటింది. నిద్ర పడుతోంది. భయం చాలావరకు పోయింది. ఈ ఏడు క్రాసింగ్‌లో నా వరుసలు నేను తప్పులేకుండా చూసుకున్నాను. ఇది చదివే అక్కచెల్లెళ్లకు నాకు తెలిసింది ఒక్కటే చెప్తాను: మీ నొప్పికి ఎవరేం చేతిలో పెట్టినా, అదేమిటో అడగండి. దవాఖానకు పోతే మీ పేరే రాయించండి. మగవాడు మానగలిగాడు కదా అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఇజ్జత్ పోతుందని మేం దాచిన నెలల్లో పోయింది ఇజ్జత్ కాదు.

మొన్న ఎండాకాలం సెలవులకు అక్క శ్రావణిని పంపింది. వారం ఉండి చూద్దామంది. పిల్ల పొడుగైంది. మొదటి రెండు రోజులు చుట్టంలా ఉంది, మంచినీళ్లు కూడా అడిగి తాగింది. మూడో రోజు నా పక్కన చాప మీద పడుకుని, "అమ్మా, ఏమన్న చెప్పు" అంది. నా ప్రాణం లేచొచ్చింది. పాన్‌గల్ దగ్గర మా పుట్టింట్లో, నా పదో తరగతి హాల్ టికెట్‌ను మేక తినేసిన సంగతి చెప్పాను. మా నాయన ఆ మేకను తాడుతో పట్టుకుని బడికి తీసుకుపోయి, "సారూ, పిల్ల నంబర్ దీని కడుపుల ఉంది" అన్నాడు. శ్రావణి పొట్ట పట్టుకుని నవ్వింది. దాని నవ్వు విని ఎన్నాళ్లయిందో. మా ఆయన కూడా బయట్నుంచి తొంగిచూశాడు.

వారం చివరి రోజు, మధ్యాహ్నం ఎండలో బయటికి పోలేక ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. జడ వేస్తూ దానికొక కథ చెప్తున్నాను. మా నాయన మేకను పట్టుకుని బడి గేటు దాటాడు. ఎదురుగా అద్దంలో దాని మొహం కనిపిస్తోంది. నేను నోరు తెరిచే లోపలే దాని పెదాలు చప్పుడు లేకుండా కదిలాయి. సారూ, పిల్ల నంబర్ దీని కడుపుల ఉంది.

నా చేతులు జడలోనే ఆగిపోయాయి.

"శ్రావణీ, ఇది నీకు ముందే చెప్పిన్నా?"

అద్దంలో నన్నే చూసింది. ఆ కళ్లలో కాస్త బెదురు, దాని వెనక ఏదో పెద్దరికం.

"లేదమ్మా" అంది. "ఇప్పుడే ఇంటున్న. చెప్పు, తర్వాత ఏమైంది?"